కిట్టూ, బండి తాళం చేతిలోకి తీసుకునే ముందు

చి. కిట్టూకి, పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వీడు నన్నూ సుధనీ జులైలో నమీబియా తీసుకెళ్తాడట, కారు తనే నడుపుతాడట" అంది. గొంతులో సగం బెంగ, సగం గొప్ప. ఫోన్ పెట్టేశాక నాదీ అదే పరిస్థితి. పదకొండేళ్ళు ఆ దేశంలో పిల్లలకి లెక్కలు చెప్పి వచ్చినదాన్ని. మన ఇంట్లో ఆ ఊళ్ళ పేర్లు ఎవరికైనా నోరు తిరుగుతాయా అనుకునేదాన్ని. నువ్వు ఏకంగా టికెట్లే కొనేశావు.

సంతోషమే. కానీ వాట్సాప్‌లో పంపిన నీ ప్లాన్ చూశాక ఎర్ర పెన్ను తీయక తప్పలేదు. ఎనిమిది రోజుల్లో ఫిష్ రివర్ కాన్యన్, సోసస్‌ఫ్లే, స్వాకోప్‌ముండ్, స్కెలిటన్ కోస్ట్, ఎటోషా. ఇది విహారయాత్ర కాదురా, కొరియర్ డెలివరీ. (అన్నట్టు, 'వ్లే' అని రాశావు. 'ఫ్లే' అనాలి. అక్కడివాళ్ళ ముందు అనేసి నవ్వులపాలు కాకు.)

ముందు లెక్క చూడు. ఆ దేశం విస్తీర్ణం 8.25 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రా తెలంగాణా కలిపినా 2.75 లక్షలే. మనకి మూడింతల నేల. జనం మాత్రం 2023 జనాభా లెక్కల్లో 30 లక్షలు, హైదరాబాదులో సగం కూడా లేరు. చదరపు కిలోమీటరుకి నలుగురు కూడా రారు. ఈ అంకె చూసి అందరూ "ఆహా, ఎంత ప్రశాంతం" అంటారు. నాకు వేరేగా వినిపిస్తుంది: నీ టైరు పేలిన రోజున ఆగి సాయం చేసే మనిషి రావడానికి గంట పట్టొచ్చు, మూడు గంటలూ పట్టొచ్చు.

అందుకే ఫిష్ రివర్ కాన్యన్ కొట్టేశాను. చూడదగ్గదే: 160 కిలోమీటర్ల పొడవు, లోతు 550 మీటర్ల దాకా. కానీ అది దేశానికి దక్షిణపు కొస, ఎటోషా ఉత్తరపు కొస. స్కెలిటన్ కోస్ట్ పార్కూ కొట్టేశాను. అక్కడ పొగమంచు, ఇసుక, తుప్పు పట్టిన ఓడ ముక్కలు చూడటానికి పోయే రోజు మీ అమ్మ ఎటోషాలో ఏనుగుల్ని చూస్తే మంచిది. ఎనిమిది రోజుల్ని పన్నెండు చెయ్యి. సెలవు దొరకదంటావా, అయితే సోసస్‌ఫ్లే, స్వాకోప్‌ముండ్, ఎటోషా, ఈ మూడే చూసి రా.

వీసా సంగతి హై కమిషన్ సైటులో చూసుకో, నిబంధనలు మారుతుంటాయి. ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో. టికెట్ ఆడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో అయితే ముగ్గురికీ ఎల్లో ఫీవర్ టీకా వేయించు. ఆ సర్టిఫికెట్ టీకా వేసిన పది రోజులకి గానీ చెల్లదు, దాన్ని వేసేది కూడా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. చివరి వారంలో పరిగెత్తకు. మలేరియా భయం జులైలో తక్కువే, అయినా ఎటోషా ఉత్తరాన ఉంది కాబట్టి డాక్టర్ని ఒక మాట అడుగు. మీ అమ్మ బీపీ మాత్రలు రెట్టింపు, చేతి సంచిలోనే, చీటీతో సహా. విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా ఇచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో.

ఇక రోడ్డు దగ్గరకి వద్దాం. ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం.

స్టీరింగ్ మనలాగే కుడివైపు, నడిపేది ఎడమవైపు, ఆ బాధ లేదు. 'బీ' అంకెలతో ఉన్నవి తారు రోడ్లు. అద్దంలా ఉంటాయి, గంటకి 120 దాకా వెళ్ళనిస్తారు. 'సీ'లు ఎక్కువ భాగం, 'డీ'లు దాదాపు అన్నీ గ్రావెల్. నీకు గ్రావెల్ అంటే మన ఊరి చెరువుగట్టు రోడ్డు గుర్తొస్తుందేమో. అది కాదు. వెడల్పుగా, తిన్నగా, ఎదురుగా ఒక్క బండి లేకుండా కొండల దాకా కనిపిస్తుంది. అదే దాని మోసం. నీ కాలు దానంతటదే కిందికి పోతుంది. పైన పరిచిన చిన్న రాళ్ళు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. మధ్యమధ్యలో రోడ్డంతా రేకుల షెడ్డు కప్పులాగా అలలు తేలి ఉంటుంది. ఆ అలల మీద వేగం పెరిగితే టైరు నేలని తాకే సమయం తగ్గిపోతుంది. స్టీరింగ్ నీ చేతిలో ఉన్నట్టే ఉంటుంది, ఉండదు.

చట్టం గ్రావెల్ మీద 100 అన్నా, అద్దె కంపెనీల్లో ఎక్కువమంది 80 దాటొద్దంటారు. బండిలో వేగం రాసుకునే పెట్టె ఉంటుంది, దాటినట్టు తేలితే ఇన్సూరెన్స్ ఇవ్వరు. నేను చెప్పేది 70. మలుపుకి ముందే బ్రేకు వెయ్యి, మలుపులో వెయ్యకు. ఒక పక్క చక్రం అంచున ఉన్న మెత్తటి ఇసుకలోకి జారితే స్టీరింగ్ గబుక్కున లాగొద్దు. కాలు తీసేసి, వేగం తగ్గాక మెల్లగా రోడ్డు మీదికి తెచ్చుకో. అక్కడ టూరిస్టుల బండ్లు పల్టీ కొట్టేది ఎదుటి బండి గుద్ది కాదు, ఒంటరిగా, తిన్నటి రోడ్డు మీద, ఇలా లాగడం వల్లే. ఇన్సూరెన్స్ కాగితంలో 'ఎదుటి వాహనం లేని ప్రమాదం' అన్న మాట ఎక్కడుందో వెతుక్కుని, దానికి డబ్బు ఇస్తారో లేదో అడుగు. టైర్లు, ముందు అద్దం, బండి అడుగుభాగం కూడా అడుగు.

టైరు గాలి. తారు మీద కంపెనీ చెప్పినంత, సుమారు 32 నుంచి 35 పీఎస్‌ఐ. గ్రావెల్ మొదలయ్యే చోట ఆగి 26, 28కి దించు. ఎందుకంటే గట్టి టైరు పదునైన రాయి మొన మీద బరువంతా ఒక్కచోట మోపి తెగుతుంది. కాస్త మెత్తటి టైరు రాయిని కప్పుకుని దాటుతుంది. మరీ దించేసి వేగంగా పోతే పక్కగోడ మడతపడీ మడతపడీ వేడెక్కి అదీ పేలుతుంది. బరువుని బట్టి మారుతుంది కనుక సరైన అంకె బండి ఇచ్చేవాణ్ణి అడిగి, రాసుకో. కంప్రెసర్ ఇవ్వకపోతే బండి తీసుకోకు.

ఇప్పుడు మేం చేసిన తప్పు చెప్తాను. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

అక్టోబరు ఎండలు. స్వాకోప్‌ముండ్ నుంచి సోసస్‌ఫ్లే గేటు ఉన్న సెస్రీమ్ వెళ్ళాలి, 350 కిలోమీటర్లు. మొదటి తప్పు ముందు రోజే జరిగింది. బండి అప్పగించే కుర్రాడు "స్పేర్ కింద ఉంది మేడమ్" అన్నాడు, మేం సరే అని సంతకం పెట్టాం. వంగి చూడలేదు. రెండో తప్పు నాది, పొద్దున్నే బయల్దేరకుండా బజార్లో పదకొండున్నర దాకా తిరిగాను. మూడోది, వాల్విస్ బే దాకా తారు రోడ్డు కదా అని గాలి నిండుగా కొట్టించి, గ్రావెల్ మొదలయ్యాక దించడానికి ఆగలేదు. ఆలస్యమైందిగా, ఎందుకు ఆగుతాం?

కూయ్‌సెబ్ కనుమ దాటాక ఎడమ వెనక టైరు పక్కగోడ తెగింది. శబ్దం కూడా పెద్దగా రాలేదు, బండి వెనకభాగం బురదలో ఉన్నట్టు ఊగింది. మీ పెదనాన్న మర్యాదగా రోడ్డు దింపి పక్కన ఆపారు. అక్కడ ఇసుక. జాకీ పెట్టి తిప్పితే బండి లేవడం లేదు, జాకీ కిందికి దిగుతోంది. రెండు సార్లు ఎత్తి, రెండు సార్లు దించి, చివరికి ఒక పలక రాయి వెతికి జాకీ కింద వేశాక లేచింది. (అందుకే మీ బండిలో ఒక అడుగు పొడవు, రెండు అంగుళాల మందం చెక్క ఉండాలి. అడుగు, లేకపోతే కొనుక్కో.)

తర్వాత నట్లు. నాలుగు వచ్చాయి. అయిదోది దొంగలు చక్రం ఊడదియ్యకుండా పెట్టే లాక్ నట్, దానికి వేరే తాళంచెవి లాంటి ముక్క ఉండాలి. డాష్‌బోర్డు, సీట్ల కింద, టూల్ సంచి, అన్నీ తిరగేశాం. లేదు. చక్రం గాలిలో, మేం ఎండలో. నీళ్ళు ఇద్దరికీ కలిపి ఒకటిన్నర లీటరు ఉన్నాయి, "దారిలో కొనుక్కోవచ్చు" అనుకున్నాం కనుక. ఏ దారిలో కొంటాం?

చాలాసేపటికి ఒక రైతు పికప్ ట్రక్కు వచ్చింది. వాటిని అక్కడ బకీ అంటారు. ఆయన ఏమీ మాట్లాడకుండా నట్టు కంటే ఒక సైజు చిన్న సాకెట్ తీసి, సుత్తితో దాన్ని నట్టు మీదికి దిగ్గొట్టి తిప్పాడు. వచ్చేసింది. సాకెట్ పాడైంది, డబ్బు తీసుకోలేదు. స్పేర్ వేశాక చూస్తే అందులో గాలి సగమే. యాభై దాటకుండా సాలిటేర్ చేరేసరికి పొద్దు వాలుతోంది.

సాలిటేర్ అంటే పెట్రోల్ బంకు, బేకరీ, ఒక లాడ్జి, ఇసుకలో కూరుకుపోయిన పాత కార్లు కొన్ని. అంతే ఊరు. కానీ గది ఉంది, నీళ్ళున్నాయి, గాలి కొట్టే మిషను ఉంది. అక్కడ ఆగిపోవాలి. ఇంకో 80 కిలోమీటర్లు ఉంది, స్పేర్ లేదు, చీకటి పడుతోంది. అవతల సెస్రీమ్‌లో గదికి డబ్బు కట్టేశామని నేనే "పదండి, గంటన్నరే కదా" అన్నాను. ఇదీ అసలు తప్పు. మిగతావన్నీ నష్టం తెచ్చే తప్పులు, ఇది ప్రాణం మీదికి తెచ్చేది.

మసక చీకట్లో కూడూ అనే జంతువు కనపడదు. పెద్ద జింక జాతి, మగది 250 కిలోల దాకా తూగుతుంది, మెలితిరిగిన కొమ్ములు. దాని ఒంటి రంగూ రోడ్డు రంగూ ఒకటే. నిలబడి ఉన్న చోటునుంచే ఎగురుతుంది, అదీ వెలుతురు మీదికి. బండి గుద్దితే కాళ్ళు విరిగి పడదు, ఆ బరువంతా ముందు అద్దంలోంచి లోపలికి వస్తుంది. మా ముందుకి వచ్చింది ఎక్కడినుంచో నాకు ఇప్పటికీ తెలియదు. మీ పెదనాన్న బ్రేకు తొక్కారు, గ్రావెల్ మీద బండి అడ్డంగా తిరిగి వెనక చక్రాలు గుంటలో పడి ఆగింది. కూడూ బానెట్ ముందు రెండు గజాల్లో నిలబడి, మమ్మల్ని చూసి, కంచె మీదుగా ఒక్క గెంతు గెంతి పోయింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు తియ్యకుండా చాలాసేపు కూర్చున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదురా. అని ఉంటే బాగుండేది.

కనుక నీకు రెండే రెండు గట్టి ఆజ్ఞలు. ఒకటి, బండి అప్పగించేటప్పుడు గంట సేపు అక్కడే ఉండు. రెండు స్పేర్లు అడుగు, రెండింటినీ కిందికి దింపించి గాలి చూడు. స్పానర్‌ని ప్రతి చక్రం ప్రతి నట్టుకీ పెట్టి చూడు. లాక్ నట్ ఉంటే దాని ముక్క ఎక్కడుందో చేత్తో ముట్టుకో. జాకీతో ఒకసారి నిజంగా బండి ఎత్తి దించు. సుధతో కూడా ఎత్తించు. వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ. గీతలకీ పగుళ్ళకీ ఫొటోలు తీసుకో. రెండు, సాయంత్రం అయిదుకి చక్రం ఆగాలి. జులైలో అక్కడ పొద్దు ఏడున్నరకి పొడుస్తుంది, ఆరుంపావు దాటాక కుంకుతుంది. అయిదు అన్నాను, అయిదున్నర కాదు. దాటేలా ఉంటే ఎక్కడ గది కనిపిస్తే అక్కడే ఆగు. ముందు కట్టిన డబ్బు పోనీ.

మిగతావి సులువు. గూగుల్ మూడు గంటలంటే నాలుగు వేసుకో. బంకు కనిపించిన ప్రతిచోటా ట్యాంకు నింపు, సగం ఉన్నా సరే. బంకుల్లో కార్డు మిషను పనిచెయ్యని రోజులుంటాయి, నగదు ఉంచుకో. నమీబియా డాలరూ దక్షిణాఫ్రికా ర్యాండూ ఒకటికొకటి, రెండూ చెల్లుతాయి. కానీ నమీబియా డాలర్లు ఆ దేశం దాటితే చెల్లవు, మిగల్చకు. నీళ్ళు మనిషికి రోజుకి అయిదు లీటర్లు. ముగ్గురికి రెండు రోజులవి ఎప్పుడూ బండిలో ఉండాలి, ముప్ఫై లీటర్లు. ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకో, ఊరు దాటితే సిగ్నల్ పోతుంది.

ఇప్పుడు చూసే చోట్లు. రాజధాని విండ్‌హుక్ విమానాశ్రయం ఊరికి 45 కిలోమీటర్లు తూర్పున ఉంది. దిగిన రోజు ఊళ్ళోనే పడుకో, రాత్రంతా విమానంలో కూర్చుని గ్రావెల్ ఎక్కకు.

సెస్రీమ్‌లో రెండు రాత్రులు. గది పార్కు గేటు లోపల దొరుకుతుందేమో ముందు అదే చూడు. గేటు బయట పడుకున్నవాళ్ళకి పొద్దు పొడిచాకే తెరుస్తారు, లోపల ఉన్నవాళ్ళని గంట ముందు వదులుతారు. ఆ గంటకే అంత ధర. లోపల 60 కిలోమీటర్లు తారు రోడ్డే. 45వ కిలోమీటరు దగ్గర డ్యూన్ 45. నువ్వూ సుధా ఎక్కండి. ఇసుక దిబ్బ అంచు మీదే నడవాలి, ముందు వెళ్ళినవాళ్ళ అడుగుల్లో అడుగు వేస్తూ. పక్క వాలులో వేస్తే ఒక అడుగు ఎక్కి ముప్పావు అడుగు జారుతుంది. మీ అమ్మని కింద కాఫీ ఫ్లాస్కుతో కూర్చోబెట్టు. తెల్లారే ముందు చలి సున్నా దగ్గరికి వస్తుంది. స్వెట్టరు, మంకీ క్యాపు, సిగ్గుపడకుండా.

తారు అయిపోయిన చోట పార్కింగు ఉంటుంది. అక్కడినుంచి అయిదు కిలోమీటర్లు లోతైన ఇసుక. నీది ఫోర్ బై ఫోర్ అని తెలుసు. అయినా అక్కడ ఆపేసి, డబ్బిచ్చి షటిల్ జీపు ఎక్కండి. నా మాట వినవనీ తెలుసు, అందుకని ఇదీ రాస్తున్నా: గాలి 15, 16కి దించు, ఫోర్ బై ఫోర్ వేశాక బయల్దేరు, వేగం మారకుండా సాగిపో, ఇసుక మధ్యలో బ్రేకు తొక్కకు, గేరు మార్చకు. కూరుకుంటే యాక్సిలరేటర్ తొక్కకు, తొక్కినకొద్దీ చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. దిగి చక్రాల ముందూ వెనకా ఇసుక తోడి, వచ్చిన జాడలోనే వెనక్కి తియ్యి. తిరిగి తారు ఎక్కగానే గాలి నింపాలి, మర్చిపోతే తెగేది అప్పుడే.

డెడ్‌ఫ్లేకి జీపు ఆగిన చోటునుంచి ఇసుకలో కిలోమీటరు పైగా నడక. మీ అమ్మ నడుస్తుంది, నేను హామీ. అరగంటలో నడిచేదాన్ని గంట నడుస్తుంది, అంతే. కాళ్ళకి మేజోళ్ళు వేసి బూట్లు బిగించు. తెల్లటి సున్నపుతిన్నె లాంటి నేల, చుట్టూ ఎర్ర దిబ్బలు, మధ్యలో నల్లగా మాడినట్టున్న తుమ్మజాతి చెట్లు. చచ్చిపోయి ఆరేడు వందల ఏళ్ళయిందంటారు. నీరు రావడం మానేసింది, గాలిలో తడి లేదు, కుళ్ళడానికి కూడా వీల్లేక అలాగే నిలబడిపోయాయి. వాటిని ముట్టుకోకండి, ఎక్కి ఫొటోలు దిగకండి. పొద్దున్నే వెళ్తే సగం నేల నీడలో, సగం ఎండలో ఉంటుంది. ఆ నీడ వెనక్కి తగ్గేదాకా నిలబడి చూడండి. తొమ్మిదిన్నర, పదికల్లా వెనక్కి. సాయంత్రం సెస్రీమ్ కాన్యన్ చూపించు, కిలోమీటరు పొడవు, ముప్ఫై మీటర్ల లోతు. ఆరు తోలుపట్టీలు ముడివేస్తే గానీ చేద నీళ్ళకి అందేది కాదట, అందుకే ఆ పేరు. మీ అమ్మకి చేద అంటే ఏంటో చెప్పక్కర్లేదు. నీకే చెప్పాలి.

స్వాకోప్‌ముండ్‌లో రెండు రాత్రులు. జర్మన్లు కట్టిన ఊరు, ఎడారి అంచున సముద్రం. చల్లటి బెంగ్వెలా ప్రవాహం వల్ల పొద్దున్నంతా పొగమంచు. వాల్విస్ బే మడుగులో ఫ్లెమింగోలు, ఒక గంట చాలు. ఇసుక దిబ్బలు సముద్రంలోకి దిగే శాండ్‌విచ్ హార్బర్‌కి స్థానిక డ్రైవరుతోనే, సముద్రం పోటు తెలియనివాళ్ళ బండ్లు అక్కడ నీళ్ళపాలవుతాయి. కేప్ క్రాస్ సీళ్ళు ఉత్తరాన 120 కిలోమీటర్లు. వేలకొద్దీ సీళ్ళు, ఆ కంపు బట్టల్లోంచి రెండు ఉతుకులకి గానీ పోదు. మీ అమ్మకి వాంతి అవుతుంది, వద్దు. దానికి బదులు ఎడారి జీవాలు చూపించే సగం రోజు టూరు తీసుకో. ఇసుక కింద దాక్కున్న పారదర్శకమైన బల్లిని, పక్కకి పాకే పాముని తవ్వి చూపిస్తారు. వెల్విచియా మొక్క కూడా చూడండి. జీవితమంతా రెండే ఆకులు, వెయ్యేళ్ళు బతికినవీ ఉన్నాయి. చూడ్డానికి ఎవరో పారేసిన పాత టార్పాలిన్‌లా ఉంటుంది.

తర్వాత ట్వైఫెల్‌ఫోంటేన్‌లో రెండు రాత్రులు. రెండు వేలకి పైగా రాతి చెక్కుళ్ళు, 2007లో యునెస్కో గుర్తింపు. గైడు లేకుండా వదలరు, మంచిదే. కాళ్ళకీ తోకకీ కూడా వేళ్ళున్న సింహం బొమ్మ దగ్గర ఆగి, వేళ్ళు లెక్కపెట్టమని సుధతో చెప్పు. ఎర్రటి రాళ్ళు తొమ్మిదికల్లా వేడెక్కుతాయి, మొదటి బ్యాచిలో వెళ్ళండి. అక్కడ ఎండిన ఏటి అడుగులే ఏనుగుల రోడ్లు, వాటిలో కారు ఆపి టిఫిన్ చెయ్యకు. హింబా తెగవాళ్ళ ఊళ్ళకి వెళ్తే వాళ్ళ భాష వచ్చిన స్థానిక గైడుతోనే. ముందు పలకరింపు, తర్వాత అనుమతి, ఆ తర్వాత ఫోను. పిల్లలకి చాక్లెట్లు పంచకు.

ఎటోషాకి మూడు రాత్రులు, రెండు ఒకాకుయో క్యాంపులో, ఒకటి నముటోని క్యాంపులో. గదులు ఇప్పుడే బుక్ చెయ్యి, జులైలో దొరకవు. పార్కు 22 వేల చదరపు కిలోమీటర్ల పైన. మధ్యలో 4,800 చదరపు కిలోమీటర్ల ఉప్పుపర్ర. జులైకి వానగుంటలు ఎండిపోయి ఉంటాయి కనుక జంతువులన్నీ బావుల (వాటర్‌హోల్ అనే నీటిమడుగుల) దగ్గరికి రావాల్సిందే. టూరిస్టులంతా చేసే పొరపాటు రోజంతా బావి నుంచి బావికి కారు తిప్పడం. నువ్వు ఒక బావి ఎంచుకో, ఇంజను ఆపు, గంటన్నర కూర్చో. జీబ్రాలు వస్తాయి, తాగకుండా తలెత్తి ఒకే వైపు చూస్తాయి. అప్పుడు నువ్వూ అటే చూడు. సింహం అక్కడ ఉంటుంది. వేగం 60 లోపు, కారు దిగడం ఎక్కడా లేదు, బాత్రూము కంచె వేసిన చోట్లే. ఒకాకుయో నుంచి హలాలి 70 కిలోమీటర్లు, అక్కడినుంచి నముటోని ఇంకో 75. గేట్లు పొద్దు కుంకగానే మూస్తారు, అక్కడ మాత్రం నా అయిదు గంటల ఆజ్ఞ వాళ్ళే అమలు చేస్తారు.

ఒకాకుయో క్యాంపు లోపలే దీపాలు పెట్టిన బావి ఉంది, గోడ వెనక బల్లలు. రాత్రి భోంచేశాక మీ అమ్మకి శాలువా కప్పి అక్కడ కూర్చోబెట్టు. ఎనిమిది నుంచి పదకొండు లోపు నల్ల ఖడ్గమృగం వస్తుంది. రాకపోతే మర్నాడు వస్తుంది. మాట్లాడకూడదు, ఫ్లాష్ వెయ్యకూడదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఆ దేశంలో అంతకంటే మంచి చోటు లేదు.

తిరుగుదారిలో పశువుల రోగాలు పాకకుండా వేసిన కంచె దగ్గర తనిఖీ ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి పచ్చిమాంసం తేనివ్వరు, డబ్బా తెరిచి చూపించమంటారు. విసుక్కోకుండా చూపించు. ఒచివరోంగోలో ఒక రాత్రి ఆగండి. నేను పాఠాలు చెప్పిన స్కూలు చూడక్కర్లేదు, రోడ్డు మీదినుంచి కనిపిస్తుంది, చాలు.

తిండి గురించి మీ అమ్మ బెంగ పెట్టుకోనక్కర్లేదు. పట్టణాల సూపర్ మార్కెట్లలో బియ్యం, పప్పు, పెరుగు దొరుకుతాయి. వంటగది ఉన్న గదులు తీసుకో. ఉత్తరాది వాళ్ళు మహంగు అని తినేది మన సజ్జలే. గట్టిగా సంకటిలా వండుతారు, అందులో మజ్జిగ పోసివ్వు, మీ అమ్మ ఇంకేమీ అడగదు. ఇంకోటి, అడాప్టరు అని ఆన్‌లైన్లో డబ్బు తగలెయ్యకు. అక్కడి సాకెట్టు మన గీజరుకి వాడే పెద్ద మూడు పిన్నుల లాంటిది, మన ఎలక్ట్రికల్ షాపులో ఆ ప్లగ్గున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి కొను. మూడు ఫోన్లూ కెమెరా దానిమీదే పెట్టుకోవచ్చు.

వాళ్ళ అయిదు గంటలంటే మనకి ఎనిమిదిన్నర. గది చేరగానే "ఆగాం" అని ఒక్క మాట పెట్టు, ఫొటోలు తర్వాత. సిగ్నల్ లేని చోట రాత్రి మకాం అయితే ఆ సంగతి పొద్దున్నే చెప్పి కదులు. లేకపోతే నేను మీ పెదనాన్న ఫొటో ముందు కూర్చుని ఆ జింకని మళ్ళీ చూస్తాను.

బండి కంపెనీ పంపిన కాగితాలు రాగానే నాకు పంపు. లాక్ నట్ గురించి అందులో ఉందో లేదో నేనే చదువుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ